బాపు చెప్పిన సాక్ష్యం

పోయిన నెల ఒక డాక్టరు నన్ను, "మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇట్లాంటి గాబరా ఉండేదా అమ్మా?" అని అడిగాడు. "ఎవరికీ లేదు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, పక్కన కూర్చున్న నా కోడలు కూడా అవునన్నట్టు తలూపింది. అరవై ఎనిమిదేళ్ల వయసులో గుండె దడదడలాడితే గుండెజబ్బే అనుకుంటాం కదా, అన్ని పరీక్షలూ చేసి గుండె గట్టిగానే ఉందని తేల్చారు. గట్టిగా ఉన్న గుండె అన్నం తింటున్నప్పుడు, బట్టలు మడతపెడుతున్నప్పుడు, వెనక ఎవరో తరుముకొస్తున్నట్టు ఎందుకు పరుగెత్తుతుందో చెప్పే పరీక్ష వాళ్ల దగ్గర లేదు. మాత్రలు రాసిచ్చారు. ఇంటికొచ్చి మాత్ర వేసుకుని, మంచినీళ్ల గ్లాసు కింద పెట్టబోతూ ఆగిపోయాను. గ్లాసు నా చేతిలో వణుకుతున్న తీరు అచ్చం మా బాపు చేతిలో చెంబు వణికిన తీరే. వారం తిరగకుండా భూపాలపల్లి బస్సెక్కాను. ఎందుకెక్కానో చెప్పాలంటే ముందు బాపు సంగతి చెప్పాలి.

మా ఊరు నర్సింహులపేట దగ్గర. బాపును ఊరంతా పటేల్ అనేది. మా అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. తెల్లవారకముందే అవ్వ వాకిట్లో సాన్పు చల్లేది. ఆ పేడనీళ్ల వాసన, దాని మీదుగా పొయ్యి మీద కాలే జొన్నరొట్టె వాసన, ఆ రెంటినీ తోసుకుంటూ బాపు చుట్ట వాసన. ఈ మూడూ వరసగా వస్తేనే మాకు తెల్లవారినట్టు. బాపు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. దగ్గేవాడు. ఒక దగ్గుకు జీతగాళ్లు కొట్టంలోంచి బయటికొచ్చేవారు, రెండో దగ్గుకు అవ్వ మజ్జిగ చెంబు పట్టుకొచ్చేది, మూడో దగ్గు దాకా ఎవరూ తెచ్చుకునేవారు కాదు. పగటన్నం తిని వసారాలో నులకమంచం మీద తువ్వాల ముఖాన కప్పుకుని పడుకుంటే రెండు గంటలు ఒకటే గురక. ఊరవతలి వాడ నుంచి వచ్చే జనం మా వాకిలి ముందు చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని నడిచేవారు. బాపు నిద్ర చెడిపోతుందని అట్లా పోతున్నారని నేను అనుకునేదాన్ని. ఆయన ఊళ్లో లేనప్పుడు కూడా అట్లాగే పోతారని గమనించే వయసు వచ్చేసరికి ఆ నిద్రే లేకుండా పోయింది.

ఎల్లయ్య మా ఇంట్లో జీతం ఉండేవాడు. ఏడాదికింత అని మాట్లాడుకుని పశువుల దగ్గరా పొలం దగ్గరా పని చేసేవాడు. ఇరవై ఏళ్లుంటాయేమో, కొత్తగా పెళ్లయింది. వాళ్లమ్మ రాజవ్వ మా ఇంట్లో వడ్లు దంచేది. బాపు అతన్ని 'ఎల్లిగా' అనే పిలిచేవాడు. ఎల్లయ్య అని నిండు పేరు ఒకటుందని నాకు కోర్టు కాగితాల వల్ల తెలిసింది. అరవై తొమ్మిదిలో, తెలంగాణ కావాలని చదువుకునే పిల్లలంతా రోడ్ల మీదికొచ్చిన ఏడు, కాలేజీలు మూతపడి మా అన్న హనుమకొండ నుంచి ఇంటికొచ్చి కూర్చున్నాడు. కూర్చున్నాడనడం మాటవరసకే. ఒకరోజు స్నేహితులను వెంటేసుకుని పోయి రోడ్డు మీద ఒక బస్సును తగులబెట్టాడు. జనం దిగిపోయారు గానీ డ్రైవరు రెండు చేతులూ కాలిపోయాయి. కిరసనాయిలు డబ్బా మోసుకుపోయింది ఎల్లయ్య. అన్న మోయమన్నాడు, మోశాడు. పటేల్ కొడుకు మోయమంటే మోయనని చెప్పే జీతగాడు ఆ కాలంలో ఎక్కడి నుంచి వస్తాడు? డబ్బాతో అతన్ని చూసినవాళ్లున్నారు. మూడోనాడు పోలీసులు ఇంటికొచ్చారు. అన్న పేరు కేసులోకి ఎక్కకముందే బాపు అడ్డుకట్ట వేశాడు. కోర్టులో బోనెక్కి, "బస్సును ఎల్లిగాడు అంటువెట్టంగ నా కండ్లతోటి చూసిన" అని సాక్ష్యం చెప్పాడు. ఆ పూట బాపు కల్లంలో వడ్ల దగ్గర ఉన్నాడని మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. ఎల్లయ్యకు ఏడేళ్ల శిక్ష పడింది. రెండో ఏడు అతని భార్యను పుట్టింటివాళ్లు మారుమనువు ఇచ్చి ఇంకో ఊరికి పంపేశారు.

భయం బాపు మీదికి ఒక్కసారిగా రాలేదు. మొదట ఇంట్లో కిరసనాయిలు వాసన పడదన్నాడు. ఆముదం దీపాలు పెట్టుకున్నాం. తర్వాత గొళ్లాల మీద పడ్డాడు. పట్టపగలు కూడా, "తలుపు ఏసిన్రా?" అని అడగడం, లేచిపోయి చూడడం, వచ్చి కూర్చుని మళ్లీ అడగడం. అన్నం ముందు కూర్చుంటే మూడో ముద్ద దగ్గర చెయ్యి ఆగిపోయేది. ఒళ్లంతా చెమట. "పానం పోతున్నది" అనేవాడు. అవ్వ చెయ్యని వైద్యం లేదు. తాయెత్తు కట్టించింది, కొమురవెల్లి మల్లన్నకు మొక్కింది, దిష్టి తీసింది, ఎవరో చెబితే పసరు తాగించింది. వరంగల్లులో ఒక పెద్ద డాక్టరు నరాల బలహీనత అని ఎర్ర టానిక్కు రాశాడు. ఆ టానిక్కు తియ్యగా ఉంటుందని నేను దొంగతనంగా తాగేదాన్ని. నా నరాలు మాత్రం బాగా బలిసినట్టున్నాయి అప్పట్లో. దొంగకు తేలు కుట్టినట్టయింది బాపు పని. ఎక్కడ నొప్పో ఒకరికి చెప్పుకునే దారి లేదు. వసారాలో మంచం వాల్చి ఉండేది గానీ దాని మీద పడుకునే మనిషి వాకిట్లో పచార్లు చేస్తుండేవాడు. ఊళ్లో ఉంటే మనిషి దక్కడని అవ్వ పట్టుబట్టి కాపురాన్ని జనగామకు మార్పించింది. నా చదువు అక్కడే సాగింది. పొద్దున్నే గాలికి తిప్పమని డాక్టరు చెప్పాడు కాబట్టి బాపు వెంట నడవడం నా పని.

ఒక ఆదివారం పొద్దున రైలు గేటు పడింది. మేం నిలబడ్డాం. వెనక ఒక బస్సొచ్చి, ఇంజను ఆపకుండా, మా వీపులకు వేడి తగిలేంత దగ్గరగా ఆగింది. బాపు మోకాళ్లు మడతపడిపోయాయి. రోడ్డు పక్క దుమ్ములో కూలబడి నా మణికట్టు పట్టుకుని, "పానం పోతున్నది బిడ్డా, నన్ను ఇడిసిపెట్టకు" అన్నాడు. బస్సు కిటికీల్లోంచి జనం చూస్తున్నారు. దగ్గితే ఊరంతా లేచి నిలబడిన మనిషి అట్లా పడి ఉంటే నాకు ఏడుపు కన్నా ముందు సిగ్గు వచ్చింది. అదే వేళకు తెల్లచీరలు కట్టుకుని, చేతిసంచుల్లో పుస్తకాలు పెట్టుకుని ప్రార్థనకు పోతున్న ఆడవాళ్లు గేటు దగ్గరికొచ్చారు. వాళ్లలో రాజవ్వ ఉంది. కొడుకు జైలుకు పోయాక ఊరు విడిచి వచ్చి, జనగామ మార్కెట్లో ఊడ్చి బతుకుతోందని విన్నాం గానీ చూడలేదు. ఆమె నిలబడి బాపును చాలాసేపు చూసింది. ఉమ్మేస్తుందేమో అనుకున్నాను. ఉమ్మేసినా నేను ఏమనేదాన్ని? చెంగు బిగించుకుని ఆ దుమ్ములోనే కూర్చుని ఆయన తల తన ఒళ్లోకి తీసుకుంది. మా ఇంట్లో అవ్వ పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగిన రాజవ్వ, తన సీసాలో నీళ్లు బాపు నోట్లో పోసింది. నుదుటి మీద అరచెయ్యి ఆనించి, పసిపిల్లను ఊరుకోబెట్టినట్టు, "ఊకో పటేలా, ఊకో" అంది. తర్వాత కళ్లు మూసుకుని, "ప్రభువా, గీయన పానం జర నిమ్మలం చెయ్యి" అని ఇంటి పెద్దతో మాట్లాడినట్టు మాట్లాడింది. రైలు పోయింది, గేటు లేచింది, బస్సు మమ్మల్ని తప్పించుకుని వెళ్లింది. బాపు ఊపిరి మెల్లమెల్లగా దారికొచ్చింది.

చాలా రోజుల తర్వాత, "రాజవ్వా, అప్పుడు నీకు కోపం రాలేదా?" అని అడిగాను.

"రాకుంట ఎట్లుంటది బిడ్డా? అది నా చెయ్యి గాదు. నా చెయ్యే అయితే గొంతు పట్టుకుంటుండె" అంది.

మరుసటి ఆదివారం బాపు ఉతికిన ధోతి కట్టుకుని, ఎక్కడికని చెప్పకుండా రైలు గేటు దాటి నడిచాడు. నేను వెనక పోయాను. రైసుమిల్లు వెనక ఒక రేకుల షెడ్డు. తవుడు వాసన, తలనూనెల వాసన, కాలే రేకుల వేడి. ఎవరో ఉరికిపోయి పాస్టరయ్య ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వేశారు. మిగతా అందరూ చాపల మీద. బాపు ఆ కుర్చీలో, గడప పక్కన, లోపలా కాదు బయటా కాదన్నట్టు కూర్చున్నాడు. పాస్టరయ్య కోస్తా నుంచి వచ్చిన బక్కపలచటి మనిషి, మేకపిల్లను కూడా 'అండీ' అని పిలిచే రకం. సినిమాల్లో మా మాటను రౌడీలకూ నౌకర్లకూ పెట్టి నవ్వేవాళ్లు కదా, ఆ బాకీ అంతా ఈయన మీద తీర్చుకుంటున్నట్టు వెనక కూర్చున్న మగపిల్లలు ఆయన యాసను అనుకరించి నవ్వేవారు. ఆయనకు తెలిసేది, ఆయనా నవ్వేవాడు. ఆ రోజు ఏం చెప్పాడో నాకు గుర్తు లేదు. చెబుతుండగా వెనక గురక వినిపించింది. తిరిగి చూస్తే బాపు, తల గోడకు వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అయిదేళ్లు దాటింది ఆ గురక విని. పదకొండు గంటల పగటివేళ, కంజెర మోత మధ్యన, ఆయన్ను అంటరాని మనిషిగా చూడడానికి అన్ని హక్కులూ ఉన్న జనం మధ్యన, నా తండ్రి నిద్రపోయాడు. నాకు ఏడుపాగలేదు.

అప్పటి నుంచి వారానికి ఆ గంట నిద్ర కోసమే ఆయన బతికాడు. శనివారం నాటికి నాలుగు ముద్దలు ఎక్కువ తినేవాడు. శివాలయానికి పోతున్నామని అవ్వకు చెప్పేవాళ్లం. నుదుట విభూతి లేని శివాలయం ఎక్కడిదో ఆమెకు తెలియకపోలేదు. "పండుకుంటున్నడు గద, యాడికి పోతే ఏంది" అని ఊరుకుంది. మేం ఎప్పుడూ ఆలస్యంగా, పాటలయ్యాక పోయేవాళ్లం. అందువల్ల ఆ షెడ్డులో ప్రసంగానికి ముందు ఏం జరుగుతుందో మాకు తెలియదు. ప్రభువు వల్ల మేలు పొందినవాళ్లు ఒక్కొక్కరే లేచి చెప్పుకుంటారు. కడుపునొప్పి తగ్గిందనో, తప్పిపోయిన మేక దొరికిందనో, తాగుడు మానాననో. దాన్ని వాళ్లు సాక్ష్యం అంటారు. మా ఇళ్లలో ఆ మాటకు ఒకటే అర్థం, దానికి బోను ఉంటుంది.

ఒక వారం మేం ముందుగా పోయాం. షెడ్డులో గోడకానుకుని, వంగని ఎడమకాలు ముందుకు చాచుకుని ఎల్లయ్య కూర్చుని ఉన్నాడు. విడుదలై కొద్ది రోజులయిందట. పోలీసుల దెబ్బలకు పోయిన మోకాలు అది. జైల్లోనే బాప్తిస్మం తీసుకుని యాకోబు అయ్యాడు. అతన్ని జైలుకు పంపింది ఎవరో రాజవ్వ అక్కడ ఎవరికీ చెప్పలేదు. బాపు కుర్చీలో బిగుసుకుపోయాడు. లేపుకుపోదామని నేను లేచేలోగా పాస్టరయ్య చిరునవ్వుతో, "అయ్యగారూ, మూడు నెలలుగా వస్తున్నారు. ఇవాళ మీరు కూడా లేచి సాక్ష్యం చెప్పండి" అన్నాడు. బాపు ఆయన్ను చూశాడు, ఎల్లయ్యను చూశాడు. ఇదంతా కూడబలుక్కుని పెట్టిన కోర్టు అనుకున్నాడు. ఎక్కడో ఒకచోట మళ్లీ పిలుస్తారని అన్నేళ్లుగా వణికిన మనిషికి, ఆ పిలుపు వచ్చేసిందనిపించింది. "బాపూ, గది కాదు..." అన్నాను. వినలేదు. కుర్చీ దిగి, తలరుమాలు తీసి చంకలో పెట్టుకుని, బోనులో నిలబడ్డట్టే నిలబడి ముందు తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చెప్పాడు. అక్కడి జనం నవ్వు ఆపుకుంటున్నారు. ఆ తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు.

"నేను బస్సు కాడ లేను. కల్లంల ఉన్న. ఎల్లయ్య అంటువెట్టంగ నేను చూడలే. అంటువెట్టింది నా కొడుకు. అది నాకెరుకే. ఎరుకుండి కోర్టుల అబద్ధం చెప్పిన" అన్నాడు. పాస్టరయ్య వైపు తిరిగి, "ఇగ ఏం శిక్ష ఏస్తరో ఎయ్యున్రి" అని చేతులు జోడించాడు.

ముందు వరసలో ఎవరో అలవాటు కొద్దీ 'స్తోత్రం' అని నాలుక కరుచుకున్నారు. రాజవ్వ చెంగు ముఖాన కప్పుకుంది. పాస్టరయ్యకు విషయం అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మెల్లగా, "యాకోబూ, నువ్వేమంటావు నాయనా?" అని అడిగాడు. ఎల్లయ్య గోడ పట్టుకుని లేచాడు. "మాఫ్ చేసిన పటేలా" అన్నాడు. అంతే, ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో దేవుణ్ని స్తుతించారు. ఆ రోజు బాపు ఇంటికొచ్చి చాప మీద ఒరిగాడంటే దీపాలు పెట్టే వేళ దాకా లేవలేదు. అవ్వ రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

ఆ తర్వాత బాపుకు గాబరా రాలేదు. ఇది నేను కళ్లారా చూసిన మాట. కుర్చీ వద్దని చాప మీద కూర్చున్నాడు, వాళ్లతో కలిసి తిన్నాడు, గొళ్లాల సంగతి మరిచిపోయాడు. మూడు ముద్దలు మింగలేని మనిషికి కంచంనిండా అన్నం తినిపించిన ఆ ప్రభువు మీద నేను వేళాకోళం ఆడలేను. అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. నిజం చెప్పేస్తానని బాపు ఒక వకీలు దగ్గరికి పోయాడు. శిక్ష అయిపోయింది, ఇప్పుడు నోరు తెరిస్తే నువ్వూ నీ కొడుకూ లోపలికి పోతారని వకీలు చెప్పాడు. అప్పటికి జీపులో తిరిగే కంట్రాక్టరయిన మా అన్న ఉరికొచ్చి, "కిరస్తానపోళ్లు ముసలాయనకు మందు పెట్టిన్రు, మతి పోయింది" అని జనగామంతా చెప్పుకున్నాడు. బాపు కోర్టుకు పోలేదు. భయపడి ఆగిపోయాడంటే క్షమించేదాన్నేమో. ఇక భయం లేదు కాబట్టి ఆగిపోయాడు. నిద్ర పడుతోంది, ఇంకా కోర్టెందుకు? ఆయన పడుకుని ఉండగా ఎల్లయ్య పత్తి మార్కెట్లో ఒంటికాలి మీద బస్తాలు మోస్తున్నాడు. కొన్నేళ్లకు ఒక పగటిపూట బాపు నిద్రలోనే పోయాడు. అన్న మా పద్ధతిలో కర్మకాండ చేయించి, షెడ్డువాళ్లను ఇంటి గేటు లోపలికి రానివ్వలేదు. శవం లేచేదాకా ఎల్లయ్య గేటు బయట ఎండలో నిలబడే ఉన్నాడు. బాపు ఎట్లా పోయాడని అడిగినవాళ్లందరికీ నేను, "నిమ్మలంగ పోయిండు" అని చెప్పాను. చెబుతూనే నలభై ఏళ్లు గడిపాను.

ఇప్పుడు ఎల్లయ్య భూపాలపల్లిలో ఉంటున్నాడు. తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, కొడుకు బొగ్గుబాయిలో పనికి కుదిరాడు. కార్మికుల క్వార్టర్లలో ఇల్లు వెతుక్కుంటూ పోయేసరికి గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలో, అదే కాలు చాచుకుని కూర్చున్నాడు. "చిన్నమ్మా, నువ్వా!" అన్నాడు. నన్ను ఊళ్లో అందరూ అట్లాగే పిలిచేవారు. నాకూ ఒక కుర్చీ వేయించాడు. ఎదురెదురు కుర్చీల్లో మేమిద్దరం కూర్చోవడానికి ఇన్నేళ్లు పట్టింది. మనవరాలు చాయ్ ఇచ్చి కాలేజీకి పోయింది. గ్లాసు నా చేతిలో వణకడం అతను చూశాడు. నేను దాచలేదు. "ఎల్లయ్యన్నా, బాపుకొచ్చిన జబ్బే నాకు వచ్చింది. నాకోసం జర ప్రార్థన చెయ్యి. నువ్వు మాఫ్ చేసినవనే ఆయనకు నిద్ర పట్టింది" అన్నాను.

ఎల్లయ్య కాసేపు చాయ్ ఊదుకున్నాడు. "ఆ దినం నేను చెప్పింది గూడ దొంగసాక్ష్యమే చిన్నమ్మా" అన్నాడు.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"పాస్టరయ్య నా దిక్కే చూస్తుండె. మా అవ్వ ఏడుస్తుండె. ఇంకేమంటరు? మాఫ్ చేసిన అన్న. లోపలంత నిప్పే. పటేల్ పోయి పండుకున్నడు. నాకు నిద్ర రాలె. ప్రభువుతోటి కొట్లాట పెట్టుకున్న. నా నోటితోటి అబద్ధం చెప్పిచ్చినవ్, దాన్ని నిజం చేసుడు నీ పనే అన్న. అప్పటి నుంచెల్లి రోజు లేవంగనే మల్ల చెప్త, పటేల్‌ను మాఫ్ చేసిన అని. కొన్ని దినాలు నిజమే అయితది. గా దినం పానం నిమ్మలంగుంటది. కొన్ని దినాలు కాదు. మల్ల తెల్లారి చెప్త."

"ఇప్పటికి గూడనా?"

"ఇయ్యాల పొద్దున గూడ."

"ఎల్లయ్యన్నా, నేను గూడ ఒకటి చెప్పాలె" అన్నాను.

అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎరుకే. పోలీసులు నిన్ను అడిగినప్పుడు నన్ను కొట్టంల గుంజకు కట్టేసిన్రు. నా చెవులతోటి ఇన్న. నాకు చెప్పకు. చెప్తే మాఫ్ చేసిన అనాలె, దానికి గూడ రోజు పని పెట్టుకోవాలె. ముసలోన్ని, ఒక్కటే చాలు." నవ్వాడు గానీ కళ్లు నవ్వలేదు. "నువ్వు పుస్తకాలు రాస్తవట గద. అండ్ల రాయి. తాత బస్సు కాలవెట్టి జైలుకు పోయిండని నా మన్మరాలికి ఎవలో చెప్పిన్రు. అది చదువుతది."

"మరి ప్రార్థన?"

"చేస్త. నువ్వు ముందు రాయి."

రాస్తున్నాను. మా అన్న ఇంకా ఉన్నాడు, చదువుతాడు. చదవనీ. ఆనాడు నాకు పన్నెండేళ్లు. పోలీసాయన మా వాకిట్లో మంచం మీద కూర్చుని నన్ను దగ్గరికి పిలిచి, "బస్సు కాలిన దినం మీ అన్న ఇంట్లనే ఉన్నడా బిడ్డా?" అని అడిగాడు. బాపు నేల చూస్తున్నాడు. అవ్వ నా వైపు చూడలేదు. ఏం చెప్పాలో నాకు ఎవరూ నేర్పలేదు. "ఉన్నడు" అన్నాను.

అన్న ఆ రోజు ఇంట్లో లేడు.